ఎరువే కదా అంటే సరిపోదు

పశువుల ఫారం పక్కన ఉండేవాళ్లు కంపు గురించి నోరెత్తితే యజమాని దగ్గర ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది: “పేడే కదండీ, ఫ్యాక్టరీ విషమేం కాదుగా! ఎరువే కదా!” అమెరికాలోని నార్త్ కరోలినాలో పందుల కంపెనీలూ ఈ మాటే అంటాయి, మన నగరాల శివార్లలో గేదెల డెయిరీల వాళ్లూ ఇదే అంటారు. దాని వెనకాలే ఇంకో మాట వస్తుంది. నేల ఇచ్చింది నేలకే పోతుంది, మధ్యలో మురుగు నుంచి పేడను వేరుచేసే పాలిమర్లూ రసాయనాలూ ఎందుకని. సేంద్రియ సేద్యం మీద మమకారం ఉన్నవాళ్లు, పర్యావరణం గురించి నిజంగానే బాధపడేవాళ్లు కూడా ఈ రెండో మాటకు తలూపుతారు. ఫారం మురుగు విషయంలో ఇంత నష్టం చేసిన మంచిమాట మరొకటి లేదు కనుకే దాన్ని కాస్త గట్టిగా పట్టుకోవాల్సి వస్తోంది.

పెంటదిబ్బ ఉన్నన్నాళ్లు ఆ మాట నిజమే. కొట్టంలో రెండు జతల గొడ్లు, కాళ్ల కింద వరిగడ్డి, తెల్లారగానే చేత్తో ఎత్తిన పేడ, ఎండాకాలంలో బండికెత్తి చేలోకి తోలిన పెంట. అందులో నీరు తక్కువ. బండెడు తోలితే బండెడు ఎరువే. వందల పశువులున్న ఫారంలో పేడను మనుషులు ఎత్తరు, నీళ్లు ఎత్తుతాయి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో డెయిరీలకూ గోశాలలకూ విడుదల చేసిన మార్గదర్శకాల లెక్క ప్రకారం పెద్ద పశువు రోజుకు 15 నుంచి 20 కిలోల పేడ వేస్తుంది, ఇంచుమించు అన్నే లీటర్ల మూత్రం పోస్తుంది. గొట్టం పెట్టి కడిగే నీళ్లు దానికి అదనం. పందుల ఫారాల్లో అయితే నేలంతా సందులున్న పలకలే. కింద గుంటలో చేరినదాన్ని నీళ్లతో బయటికి తోసేస్తారు. అలా వచ్చే ద్రవంలో నూటికి తొంభై ఎనిమిది, తొంభై తొమ్మిది పాళ్లు నీరే. టన్ను నీటిని పది కిలోమీటర్లు మోసి పది కిలోల పేడ వేసుకునే రైతు ఎక్కడా లేడు. కాబట్టి పుట్టిన చోటి చుట్టుపక్కలే పారబోస్తారు, ఏళ్ల తరబడి, అవే చేలలో.

తేడా చూడాలంటే దూరం పోనక్కర్లేదు. అనపర్తి, తణుకు వైపు గుడ్ల కోళ్ల ఫారాల్లో పెంట నీళ్లు కలవకుండానే పోగుపడుతుంది. దాన్ని లారీలకెత్తి కొల్లేరు చుట్టుపక్కల చేపల చెరువులకు అమ్ముతారు. కొల్లేటి నీటికి అది చేసే చేటు వేరే కథ. ఇక్కడ గమనించాల్సింది ఆ పెంటకు ధర ఉంది, మోసుకెళ్లే లారీ ఉంది, కొనేవాడున్నాడు అన్న సంగతి. పందుల మురుక్కీ, డెయిరీ కడుగునీళ్లకీ ఈ మూడూ లేవు.

‘ఎరువే కదా’ అన్న వాదాన్ని ఒక రాష్ట్రం మొత్తం నమ్మితే ఏమవుతుందో తెలుసుకోవడానికి నార్త్ కరోలినాను మించిన పాఠశాల లేదు. కోళ్ల కంపెనీల తరహా కాంట్రాక్టు పెంపకాన్ని పందుల్లోకి తెచ్చి, 1980లలో, 90లలో దాన్ని మహా వ్యాపారం చేసిన వెండెల్ మర్ఫీ అదే కాలంలో రాష్ట్ర చట్టసభ సభ్యుడు కూడా. ఆ పరిశ్రమకూ పాలకులకూ ఉన్న చుట్టరికం మీద రాలీ నగరపు ‘న్యూస్ అండ్ అబ్జర్వర్’ పత్రిక రాసిన కథనాలకు 1996లో పులిట్జర్ బహుమతి వచ్చింది. డూప్లిన్, శాంప్సన్ అనే రెండు కౌంటీలు దేశంలోనే పందులు ఎక్కువగా ఉన్న చోట్లయ్యాయి. రాష్ట్రంలో మూడు వేలకు పైగా మురుగు చెరువులు లేచాయి. మట్టికట్ట కట్టి తవ్విన గుంటలు, వాటిలో ఒకరకం బాక్టీరియా వల్ల గులాబి రంగు తిరిగిన ద్రవం, గట్టు పక్కనే గడ్డి చేను, ఆ చేను మీద మురుగును వానలా చిమ్మే పెద్ద తుపాకీ గొట్టాలు. కంపెనీల భాషలో ఇది ‘పోషకాల పునర్వినియోగం’.

పునర్వినియోగమే నిజమైతే లెక్క కుదరాలి. కుదరదు. ఆ పందులు తినే మొక్కజొన్న, సోయా చాలావరకు మిడ్‌వెస్ట్ రాష్ట్రాల నుంచి రైళ్లలో వస్తాయి. వాటితోపాటు అక్కడి నేల భాస్వరమూ వస్తుంది. మాంసం లారీ ఎక్కి వెళ్లిపోతుంది, భాస్వరంలో పెద్ద వాటా డూప్లిన్‌లోనే దిగబడుతుంది. పైగా చెరువులో నిలవ ఉన్నంతసేపూ నత్రజనిలో సింహభాగం అమ్మోనియాగా గాలిలో కలిసిపోతుంటుంది. పోయింది పోగా పైరుకు కావాల్సిన నత్రజనిని లెక్కగట్టి చెరువు ద్రవాన్నీ, అడుగున పేరుకున్న బురదనూ చేలోకి వదిలితే, దాంతోపాటు భాస్వరం అవసరానికి కొన్ని రెట్లు ఎక్కువ పడుతుంది. ఏటా పడుతుంది. నేల పట్టుకోగలిగినంత పట్టుకుని, ఆ తర్వాత వాగులోకి వదిలేస్తుంది. ఎరువు అన్న మాటకు కొలత ఉంటుంది. కొలత దాటిన యూరియా పైరుని మాడ్చేస్తుందని తెలిసిన రైతుకి ఈ ముక్క ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదు. చెప్పాల్సింది కంపెనీలకు.

చెరువు గట్లు కూడా ఆ వాదాన్ని మన్నించలేదు. 1995 జూన్‌లో ఆన్‌స్లో కౌంటీలో ఓషన్‌వ్యూ ఫారం గట్టు తెగి దాదాపు రెండున్నర కోట్ల గ్యాలన్ల మురుగు, అంటే తొమ్మిది కోట్ల లీటర్లకు పైనే, పొలాల మీదుగా న్యూ రివర్‌లో పడింది. చేపలు తెప్పలుగా తేలాయి. 1999లో ఫ్లాయిడ్ తుఫాను పదుల చెరువులను వరదలో ముంచింది. 2018లో ఫ్లోరెన్స్ తుఫాను వచ్చినప్పుడు ముప్పైకి పైగా చెరువులు పొర్లాయి. ప్రతిసారీ ‘అరుదైన వాన’ అనే అన్నారు.

ఇక పాలిమర్ సంగతి. ఫారం మురుగును జల్లెడ పడితే చాలదా అని అడిగేవాళ్లున్నారు. చాలదు. పందుల కడుగునీళ్లలో ఘనపదార్థం చాలావరకు మిల్లీమీటరులో మూడో వంతు కూడా లేని నలుసులే. జల్లెడకు చిక్కేది సాధారణంగా నూటికి పదిహేను పాళ్ల లోపు. ఆ నలుసులన్నిటి మీదా రుణావేశం ఉంటుంది కాబట్టి ఒకదాన్నొకటి నెట్టుకుంటూ, రోజుల తరబడి నిలవ ఉంచినా పూర్తిగా అడుక్కి దిగకుండా తేలుతుంటాయి. ధనావేశమున్న పాలీఅక్రిలమైడ్‌ను, ప్లాంటుల్లో పనిచేసేవాళ్లు ‘పాలీ’ అని పిలిచే పొడిని, నీళ్లలో నానబెట్టి కొద్దికొద్దిగా వదిలితే దాని పొడవాటి అణువులు ఆ ఆవేశాన్ని చల్లార్చి, నలుసుకీ నలుసుకీ వంతెన వేస్తాయి. కళ్లముందే పాలు విరిగినట్టు నల్లటి ద్రవం గడ్డలుగా, తేటగా విడిపోతుంది. సౌత్ కరోలినాలోని ఫ్లోరెన్స్ పట్టణంలో అమెరికా వ్యవసాయ శాఖ ప్రయోగశాల ఉంది. అక్కడి శాస్త్రవేత్త మతియాస్ వనోటీ, ఆయన సహచరులు 1990ల చివర్లో ఈ పని మీదే కూర్చున్నారు. పాలీ కలిపాక అదే జల్లెడ నూటికి తొంభై పాళ్లకు పైగా పట్టింది. బాగా పనిచేసింది ఆవేశం మరీ ఎక్కువున్న రకం కాదు, 20 శాతం ప్రాంతంలో ఉన్న మధ్యరకం.

అమ్మేవాళ్లు చెప్పనిది ఇక్కడ ఒకటుంది. మోతాదు మించితే నలుసుల మీద ఈసారి ధనావేశం చేరి, మళ్లీ ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. నీళ్లు మొదటికొస్తాయి. పొడిని సరిగ్గా తడపకపోతే జిగురు ఉండలు కట్టి వృథా అవుతుంది. గడ్డకట్టినదాన్ని వేగంగా తిరిగే పంపుతో తోడితే గడ్డలు చితికి తిరిగి నలుసులవుతాయి. పొద్దున కడిగిన నీళ్లు ఒకలా, వానపడ్డ రోజు నీళ్లు ఇంకోలా ఉంటాయి కనుక, గాజు పాత్రల్లో నాలుగు మోతాదులు వేసి చూసే జార్ టెస్ట్ తెలిసిన మనిషి ఫారంలో ఉండాలి. యంత్రం కొంటే సరిపోతుందనుకున్న ఫారాల్లో ఆరు నెలలకే డోసింగ్ పంపు తుప్పు పడుతుందంటే ఆశ్చర్యం లేదు.

మొత్తానికి పాలీ చేసే మేలు నీటికంటే ముందు పేడకు. కడిగి పలచన చేసి మోయడానికి పనికిరాకుండా చేసినదాన్ని అది మళ్లీ ఎత్తగలిగే పేడగా మార్చి ఇస్తుంది. వాసనను పుట్టించే సేంద్రియ పదార్థం, సేంద్రియ రూపంలో ఉన్న నత్రజని, భాస్వరంలో పెద్ద వాటా, మేతలో కలిపే రాగి, జింకు, ఇవన్నీ గడ్డతో వచ్చేస్తాయి. ‘ఎరువే కదా’ అనేవాళ్లకు ఎరువు మీద నిజంగా అంత ప్రేమే ఉంటే, దాన్ని ఎరువుగా నిలబెట్టే ఈ పనికి అడ్డం పడకూడదు.

రసాయన భయం గురించి కొంచెం ఓపిగ్గా మాట్లాడాలి. ఆ భయానికి మూలం లేకపోలేదు. 1997లో స్వీడన్‌లో హలాండ్సోస్ రైలు సొరంగంలో నీటి ఊటలు పూడ్చడానికి అక్రిలమైడ్ ఉన్న పదార్థాన్ని ఎక్కించారు. అది గట్టిపడకముందే వాగులోకి కారింది. చేపలు చచ్చాయి, ఆ నీళ్లు తాగిన ఆవులకు కాళ్లు చచ్చుబడ్డాయి, సొరంగంలో పనిచేసినవాళ్లకు నరాల బాధలొచ్చాయి. అక్రిలమైడ్ నరాలకు విషమే. కాని అది విడి అణువు. అవి లక్షల్లో గొలుసుకట్టిన పాలీఅక్రిలమైడ్ ఒంట్లోకి ఇంకలేనంత పెద్దది. ప్రమాదం గొలుసు కట్టకుండా మిగిలిపోయిన విడి అణువులతో, అందుకే దానికి హద్దులు పెట్టారు. తాగునీటిలో లీటరుకు 0.5 మైక్రోగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది, ఐరోపా సమాఖ్య ఇంకా బిగించి 0.1 అంది. తాగునీటికి హద్దు పెట్టారంటేనే దాని శుద్ధిలో ఈ పాలిమర్లు వాడుతున్నారని అర్థం. ఫారం మురుగు మీద వేస్తే విషమని ఆందోళన చెందేవాళ్లలో చాలామంది ఈ తరగతి రసాయనాలతో తేరిన నీటినే కుళాయి దగ్గర పట్టుకుంటూ ఉండొచ్చు. ఇంకో విచిత్రం. హలాండ్సోస్ బాధితుల రక్తాన్ని మామూలు మనుషుల రక్తంతో పోల్చి చూస్తున్నప్పుడు, సొరంగం ముఖం చూడని వాళ్లలో కూడా అక్రిలమైడ్ జాడ కనిపించింది. ఎక్కడిదా అని తవ్వుకుంటూ పోతే 2002లో తేలింది, వేయించిన బంగాళాదుంప చిప్స్‌లోదని.

ఇంతమాత్రాన పాలీకి నిర్దోషి పత్రం రాసివ్వనక్కర్లేదు. ధనావేశపు రకం చేపల మొప్పలకు అంటుకుని ఊపిరాడకుండా చేస్తుంది. మోతాదు మించి తేటనీటిలో మిగిలిపోయి, ఆ నీళ్లు వాగులో పడితే ముప్పే. నేలలో ఆ గొలుసు చాలా నెమ్మదిగా చివుకుతుంది. జర్మనీ ఎరువుల నిబంధనల్లో కృత్రిమ పాలిమర్ రెండేళ్లలో కనీసం 20 శాతమైనా విచ్ఛిన్నం కావాలన్న షరతు పెట్టింది. అది తెలివైన పద్ధతి. వాడకాన్ని నిషేధించలేదు, తయారీదారు మెడ మీద గడువు పెట్టింది. మరోవైపు అమెరికాలోని ఐడహోలో రుణావేశపు పాలీఅక్రిలమైడ్‌ను సాగునీటి కాలువల్లో లీటరుకు 10 మిల్లీగ్రాముల చొప్పున కలిపి, చాళ్లలో మట్టికోతను 94 శాతం దాకా తగ్గించారు. రకం, మోతాదు, పడేచోటు, ఈ మూడూ అడగకుండా ‘పాలిమర్ విషం’ అని తేల్చేయడం పర్యావరణ స్పృహ అనిపించుకోదు.

ప్రకృతిసిద్ధమైనదే కావాలంటే దారి లేకపోలేదు. మన ఇళ్లలో బిందె లోపల అరగదీసి బురదనీటిని తేర్చిన చిల్లగింజలో పనిచేసేది కూడా ఆవేశమున్న పొడవాటి అణువులే. రొయ్యపెంకుల నుంచి తీసే కైటోసాన్‌ను వనోటీ బృందం పశువుల మురుగు మీద పరీక్షించింది కూడా. దేశంలో రొయ్యల సాగుకు పెట్టింది పేరైన ఆంధ్రప్రదేశ్‌లో ఆ పెంకులకు కొదవ లేదు. ధర ఇంకా పాలీ కంటే ఎక్కువ. కృత్రిమం వద్దనేవాళ్లు ఆ ధరను దించే పరిశోధన అడిగితే అర్థముంటుంది. ఏదీ వద్దు, చెరువే మేలంటే మాత్రం ఓషన్‌వ్యూ గట్టును తలచుకోవాలి.

అవతలి వైపు గొప్పలూ తక్కువేం కాదు. ప్రదర్శనల్లో పాలిమర్ కంపెనీల బల్ల మీద రెండు సీసాలుంటాయి, ఒకటి నల్లగా, ఒకటి తేటగా. చూసినవాడు శుద్ధి అయిపోయిందనుకుంటాడు. ఆ తేటసీసాలో కరిగిన అమ్మోనియా ఉన్నదున్నట్టే ఉంది. పందుల మురుగులో నత్రజనిలో సగానికి పైగా అలా కరిగి ఉన్నదే, దాన్ని ఏ పాలీ ముట్టుకోలేదు. పొటాష్ కూడా అంతే. కరిగిన భాస్వరం కావాలంటే సున్నమో పటికో వేయాలి. సూక్ష్మజీవుల సంగతి వేరే చూడాలి. కంటికి తేటగా కనిపించే నీటిని వాగులోకి వదిలేయొచ్చనే అమ్మకందారు, చెరువే శుద్ధి చేస్తుందనే కంపెనీ, ఇద్దరూ ఒకే తప్పు చేస్తున్నారు. నీటిని కొలవకుండా చూపుతో తేల్చేస్తున్నారు.

అమ్మోనియాను వదలని పద్ధతి ఉందా అంటే ఉంది, నడిచింది కూడా. 2000 జులైలో పందుల కంపెనీ స్మిత్‌ఫీల్డ్ ఫుడ్స్ నార్త్ కరోలినా అటార్నీ జనరల్‌తో ఒప్పందం కుదుర్చుకుని, చెరువులకు ప్రత్యామ్నాయం వెతకడానికి కోటిన్నర డాలర్లు ఇచ్చింది. ఆ సొమ్ముతో పరీక్షించిన వాటిలో డూప్లిన్ కౌంటీలో, గోషెన్ రిడ్జ్ అనే నాలుగు వేలకు పైగా పందులున్న ఫారంలో పెట్టిన ‘సూపర్ సాయిల్స్’ పద్ధతి ఒకటి. మొదట పాలీతో ఘనపదార్థాన్ని వేరుచేస్తారు. మిగిలిన నీటిలో అమ్మోనియాను బాక్టీరియా తింటాయి. చివర సున్నం వేసి కరిగిన భాస్వరాన్ని పట్టేస్తారు. వరుసలోనే తెలివంతా ఉంది. ముందే మురుగు బరువు దిగిపోవడంతో అమ్మోనియాను తినే నిదానపు బాక్టీరియాకు చోటూ ప్రాణవాయువూ దొరుకుతాయి. అవి పనిచేసేటప్పుడు నీటిలోని క్షారం తరిగిపోతుంది కాబట్టి తర్వాత సున్నం కొంచెమే పడుతుంది. తేలుతున్న నలుసుల్లో 97 శాతానికి పైగా, సేంద్రియ, అమ్మోనియా రూపాల నత్రజనిలో 98, కరిగిన భాస్వరంలో 95 శాతం పోయాయి. గడ్డను పత్తి మిల్లుల చెత్తతో, చెక్క పొట్టుతో కలిపి కంపోస్టు చేశారు. మొదటి అడుగులో పాలీ లేకపోతే ఆ తర్వాతి రెండడుగులూ లేవు.

ఆ తర్వాత అసలు పిడుగు. ఉన్న ఫారాలకు ఇది ఆర్థికంగా గిట్టదని 2006లో తేల్చారు. ‘శాస్త్రం బాగుంది, ఖర్చు గిట్టదు’ అన్న తీర్పు అప్పటినుంచి ప్రపంచమంతా వల్లిస్తున్న మంత్రం. దేనితో పోలిస్తే గిట్టదు? తవ్వి వదిలేసిన గుంటతో పోలిస్తే. ఆ గుంట చౌక ఎందుకైంది? గాలిలో కలిసే అమ్మోనియాకు బిల్లు లేదు, తెగిన గట్టు కింద చచ్చిన చేపలకు లేదు, పక్కింటివాడు కిటికీలు మూసుకుని బతికిన ఏళ్లకు లేదు. ఆ చివరి బిల్లు మాత్రం ఆలస్యంగానైనా వచ్చింది. 2018లో ఫెడరల్ జ్యూరీ ఒక ఫారం ఇరుగుపొరుగు పదిమందికి, స్మిత్‌ఫీల్డ్ అనుబంధ సంస్థ మర్ఫీ-బ్రౌన్ 5 కోట్ల డాలర్లకు పైగా కట్టాలంది. రాష్ట్ర చట్టం పెట్టిన పరిమితి దాన్ని 32.5 లక్షల డాలర్లకు కుదించింది. అయినా కంపెనీ బాధ్యతను 2020 నవంబరులో అప్పీలు కోర్టు ఖాయం చేసింది. ఆ మరుసటి వ్యాజ్యాల్లో ఒకదానిలో జ్యూరీ ఇంకా పెద్ద మొత్తమే రాసింది. ఈలోగా వనోటీ బృందం అదే పద్ధతిని సరళం చేసి, రెండో తరంలో ఖర్చు తగ్గించింది. శుద్ధి చేసిన నీటితో కడిగిన కొట్టాల్లో పందులు మెరుగ్గా పెరిగాయి. 2006 నాటి లెక్కలో ఆ రాబడికి కూడా గడి లేదు.

మన దగ్గర ఇదే వాదం కొత్త వేషం వేసింది: గోబర్ గ్యాస్ పెడితే చాలు, మురుగు సమస్య తీరిపోతుంది. 2018లో మొదలైన గోబర్‌ధన్ పథకం తర్వాత ఈ ధీమా పెరిగింది. గ్యాస్ ప్లాంటు మంచిదే. కాని అది తీసుకునేది కర్బనం. లోపలికెళ్లిన నత్రజని, భాస్వరం మొత్తంగా వెనక గొట్టంలోంచి బయటికొస్తాయి. నత్రజని మరింతగా అమ్మోనియా రూపంలోకి మారి వస్తుంది. పేడను ఎత్తి వేసే పది గేదెల రైతుకు ఆ ద్రవాన్ని చుట్టూ ఉన్న చేనే తాగేస్తుంది. మూడొందల గేదెలను గొట్టంతో కడిగి, ఎకరం పొలం కూడా లేకుండా నడిచే డెయిరీకి అది మురికి కాలవలోకే పోతుంది.

చిన్న రైతు ఈ ఖర్చు మోయలేడని పెద్ద డెయిరీలు అంటాయి. చిన్న రైతును అడ్డం పెట్టుకోవడం ఇక్కడ కుదరదు. నాలుగు గొడ్లున్నవాడికి పార, గంప, పెంటదిబ్బ చాలు. అతనికి పాలీ అక్కర్లేదు, అతన్నెవరూ వేయమని అడగడమూ లేదు. ఫారంలో మొదట చేయాల్సింది కూడా నీటిని తగ్గించడమే. ముందు పేడను గీకి ఎత్తి, తర్వాత కడిగితే పాలీ ఖర్చు దానంతటదే దిగుతుంది. పేడ ఎత్తే కూలి మిగుల్చుకోవడానికి నీళ్లు ఎంచుకున్నది పెద్ద ఫారం. ఆ మిగిలిన కూలిలోంచే పాలీ సంచి, డోసింగ్ పంపు, జార్ టెస్ట్ తెలిసిన ఒక మనిషి జీతం రావాలి. ఆ ఖర్చును ఊరి బావి, కింది వాగు, పక్క వీధివాళ్ల ముక్కు భరించాలనడానికి ‘ఎరువే కదా’ అన్నది కారణం కాదు.